ద్రవాల నడక - కంప్యూటర్ లెక్క

(ఆసిఫాబాద్‌లో జరిగిన మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం గురించి, వైద్య ఖర్చుల గురించి మాట్లాడగలవారు మనలో చాలామంది ఉన్నారు గనుక, మీరు మీ సబ్జెక్టు గురించి నాలుగు మాటలు చెప్పండని కార్యదర్శి గారు ఆదేశించారు. నా సబ్జెక్టు కెమికల్ ఇంజనీరింగ్. ఉద్యోగకాలమంతా కాగితం పరిశ్రమలో, మొదట ప్రయోగశాలలోను, తరువాత ప్లాంటులోను గడిచింది. మన సభ్యుల మనుమలు, మనుమరాండ్రు కొందరు ఇప్పుడు ఇదే చదువు చదువుతున్నారు. మొన్న ఒక మిత్రుడు అడిగారు: "సార్, మా పిల్ల కెమికల్ ఇంజనీరింగ్ చదివి, యాసిడ్ సీసా ముట్టకుండా పొద్దంతా కంప్యూటర్ ముందర కూచుంటది. ఏమి పని బిడ్డా అంటే సిమ్యులేషన్ అంటది. అది కూడా ఒక పనేనా?" ప్రశ్న చిన్నదే గాని జవాబు చిన్నది కాదు. అందుకే ఇక్కడ చెబుతున్నాను.

ముందుగా ఇంట్లో వంట సంగతి తీసుకుందాం. నలుగురికి పప్పు వండే గంజు ఒకటి, పెండ్లిలో వెయ్యిమందికి వండే గుండిగ ఒకటి. గుండిగలో పప్పు వండడమంటే గంజులో వేసే ఉప్పు, కారం, నీళ్ళు అన్నీ రెండువందల యాభై రెట్లు చేయడం కాదని వంటవాళ్ళకు తెలుసు. నీళ్ళు వేరే లెక్క, మంట వేరే లెక్క, కలియబెట్టడం వేరే లెక్క. కారణం తేలికే. పాత్ర పొడవు, వెడల్పు, ఎత్తు పది రెట్లు పెంచితే దాని గోడల వైశాల్యం నూరు రెట్లు అవుతుంది, లోపలి సరుకు వెయ్యి రెట్లు అవుతుంది. వేడి పుట్టేది సరుకులో, బయటికి పోయేది గోడల గుండా. అంటే ఒక్కొక్క కిలో సరుకుకు దొరికే గోడ పదో వంతుకు పడిపోయిందన్నమాట. ప్రయోగశాలలో గాజు కుప్పెలో చల్లగా, బుద్ధిగా జరిగిన రసాయన చర్య, పదివేల లీటర్ల రియాక్టరులో తన వేడికి తానే ఉడుకెత్తి పోవచ్చు.

ఈ చిక్కు కెమికల్ ఇంజనీరింగ్ పుట్టినప్పటి నుండి ఉన్నదే. పాతకాలంలో దీనికి ఒకటే దారి. చిన్న ప్లాంటు కట్టి చూడాలి, అది నడిస్తే ఇంకొంచెం పెద్దది కట్టి చూడాలి, ఆ తరువాతే అసలు ప్లాంటు. దానికి సంవత్సరాలు పడుతుంది, కోట్లు పడుతుంది. ఒక్కోసారి ప్రాణాలు కూడా పోతాయి. సిమ్యులేషన్ అంటే, లోహంతో కట్టకముందే అంకెలతో కట్టి నడిపించి చూడడం. ఇంతకు మించి అందులో మాయ లేదు.

అంకెలతో నడిపించడమనేది కంప్యూటరుతోనే మొదలైందనుకోకండి. మన జిల్లాలోనే కాగజ్‌నగర్ ఉంది. ఒకప్పటి కొత్తపేట. నిజాం కాలంలో 1938లో సిర్పూర్ పేపర్ మిల్లు స్థాపన జరిగాక ఆ ఊరి పేరే కాగితం మీదికి మారింది. వెదురును, కర్రను చిన్న చిన్న ముక్కలుగా నరికి, డైజెస్టరు అనే పెద్ద ఉక్కు పాత్రలో కాస్టిక్ సోడా, సోడియం సల్ఫైడు కలిసిన ద్రవంలో వేసి, ఆవిరి ఒత్తిడిలో వండుతారు. కర్రలోని పీచును పట్టి ఉంచే లిగ్నిన్ అనే బంక కరిగిపోతుంది, పీచు మిగులుతుంది. కాగితం మిల్లుల్లో పని చేసినవారు దీన్ని 'కుక్' అనే అంటారు. ఎంతసేపు వండాలి? తక్కువైతే ముక్కలు ఉడకవు, ఎక్కువైతే పీచే చితికిపోతుంది. మూత తీసి వేలితో నొక్కి చూసే వంట కాదిది.

1957లో కెనడాలో వ్రూమ్ అనే ఆయన దీనికి ఒక చక్కని ఉపాయం చెప్పాడు. ఉష్ణోగ్రతను, కాలాన్ని కలిపి ఒకే అంకెగా మార్చాడు. దాన్నే హెచ్-ఫ్యాక్టర్ అంటాము. 100 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర లిగ్నిన్ కరిగే వేగం 1 అనుకుంటే, 160 డిగ్రీల దగ్గర అది సుమారు 400. 170 దగ్గర 900 పైచిలుకు. పది డిగ్రీల తేడాకు వేగం రెండింతలు దాటిపోయింది చూడండి. అంటే 170 దగ్గర గంటలో అయ్యే వంట 160 దగ్గర రెండు గంటల ఇరవై నిమిషాలు పడుతుంది. మధ్యలో ఆవిరి తగ్గిందనుకోండి, షిఫ్టులో ఉన్నవాడు పావుగంట పావుగంటకు రాసుకున్న ఉష్ణోగ్రతలు చూసి, పట్టిక తీసి, పెన్సిలుతో కూడికలు వేసి, ఇంకా ఎంతసేపు వండాలో చెప్పేవాడు. నేనూ ఆ కూడికలు వేసినవాడినే. డైజెస్టరు లోపలికి చూడకుండా లోపల ఏమవుతున్నదో కాగితం మీద చెప్పడం అది. ఈనాటి సిమ్యులేషన్‌కు అది తాత. వరసకు మనలాగే విశ్రాంత ఉద్యోగి అనుకోండి, గాని పూర్తిగా రిటైరు కాలేదు. ఇప్పటికీ మిల్లుల్లో కంప్యూటర్ల లోపల కూర్చుని అదే లెక్క కడుతున్నది.

అయితే హెచ్-ఫ్యాక్టర్‌లో ఒక ఊహ దాగి ఉంది. పాత్ర అంతటా ఒకటే ఉష్ణోగ్రత ఉన్నదనే ఊహ. నిజంగా అలా ఉంటుందా? ఉండదు. ద్రవం ఒకచోట వడిగా పారుతుంది, ఒక మూల నిలిచిపోతుంది. పెద్దవాగు వంతెన మీద నిలబడి వర్షాకాలంలో నీళ్ళు చూసినవారికి చెప్పవలసిన పని లేదు. బండరాయికి ముందు ఒక తీరు, వెనుక సుడిగుండం, ఒడ్డు పక్కన నీరు వెనక్కు తిరిగి పారడం, ఇదంతా ఒకే వాగులో, ఒకే క్షణంలో. ద్రవాల నడకకు సూత్రాలు 19వ శతాబ్దంలోనే దొరికాయి. 1822లో ఫ్రాన్సు దేశపు నేవియర్, 1845లో ఇంగ్లండులో స్టోక్స్ రాసిన సమీకరణాలవి. సూత్రాలు తెలుసు గాని, వాటిని అన్ని సందర్భాల్లోనూ కచ్చితంగా సాధించడం సాధ్యం కాదు. వాటికి ఎల్లప్పుడు సక్రమమైన సమాధానం ఉంటుందా అన్న ప్రశ్నను తేల్చినవారికి పది లక్షల డాలర్లు ఇస్తామని అమెరికాలోని క్లే సంస్థ 2000లో ప్రకటించింది. ఆ బహుమతి ఇంకా ఎవరికీ అందలేదు.

ఇంజనీర్లు అంతవరకు ఆగలేరు గదా. వాళ్ళు చేసిన పని, పాత్రను చిన్న చిన్న గదులుగా విభజించడం. ప్రతి గదిలోకి ఎంత ద్రవం వచ్చింది, ఎంత పోయింది, ఎంత వేడి వచ్చింది, ఎంత పోయింది అని జమాఖర్చు రాయడం. మనలో ట్రెజరీలో, అకౌంట్స్‌లో పనిచేసినవారికి ఇది బాగా అర్థమవుతుంది. ఒక గది ఖర్చు పక్క గదికి జమ. అన్ని గదుల పద్దులూ సరిపోయేదాకా మళ్ళీ మళ్ళీ దిద్దుతూ పోవాలి. పది మీటర్ల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న ట్యాంకును పది సెంటీమీటర్ల గదులుగా కోస్తే పది లక్షల పద్దులు. ఒక్క సెంటీమీటరు గదులుగా కోస్తే వంద కోట్లు. ఇది మనుషులు రాసే పద్దు కాదు. ఈ పద్దులు సరిపుచ్చడానికి అందరూ వాడే పద్ధతుల్లో ఒకటి 1972లో లండన్ ఇంపీరియల్ కాలేజీ నుండి వచ్చింది. రాసినవారు ఇద్దరు, స్పాల్డింగ్ గారు, ఆయన శిష్యుడైన మన దేశస్థుడు సుహాస్ పటంకర్ గారు.

ఇప్పుడొక విషాద సంఘటన చెప్పాలి. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్.జి. పాలిమర్స్ ప్లాంటులోని ట్యాంకు నుండి స్టైరీన్ ఆవిరి లీకై, నిద్రలో ఉన్న ఊరి మీదికి వచ్చింది. పన్నెండు మంది చనిపోయారు. వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. టీవీలో ఆ దృశ్యాలు మనమందరం చూశాము. స్టైరీన్ అనేది ప్లాస్టిక్ తయారీకి వాడే ద్రవం. దాన్ని చల్లగా ఉంచాలి. వేడెక్కితే దాని అణువులు ఒకదానికొకటి గొలుసుకట్టుగా అతుక్కోవడం మొదలుపెడతాయి. అతుక్కున్నప్పుడు వేడి పుడుతుంది. ఆ వేడికి ఇంకా తొందరగా అతుక్కుంటాయి. దాన్ని ఆపడానికి ఒక నిరోధక రసాయనం కలుపుతారు.

రాష్ట్ర ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి కమిటీ 2020 జూలైలో నివేదిక ఇచ్చింది. అందులో మన విషయానికి సంబంధించినవి మూడు మాటలు. ఆ ట్యాంకులో ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటు అడుగు భాగంలోనే ఉన్నది. లోపలి ద్రవం సరిగా కలియడం లేదు. నిరోధక రసాయనం చాలినంత లేదు.

ఎండాకాలంలో బావిలో ఈత కొట్టినవారందరికీ దీని అర్థం తెలుసు. పైన ఛాతీ దగ్గర నీళ్ళు గోరువెచ్చగా ఉంటాయి, కాళ్ళ దగ్గర జివ్వుమంటాయి. వేడి ద్రవం తేలిక గనుక పైన నిలుస్తుంది. కలిపేవాడు లేకపోతే పై పొర పైనే ఉండిపోతుంది. ఆ ట్యాంకులోనూ అదే. అడుగున ఉన్న థర్మామీటరు అబద్ధం చెప్పలేదు, తాను ఉన్నచోటి సంగతి నిజమే చెప్పింది. పైన పొరలో ఏం జరుగుతున్నదో దానికి తెలియదు. స్టైరీన్ ఆవిరి గాలికంటె మూడున్నర రెట్లు బరువు. అందువల్ల అది పైకి లేచి పోకుండా, నేలను అంటిపెట్టుకుని, మనుషులు పడుకున్న ఎత్తులోనే పాకింది.

ఇట్లాంటి ట్యాంకును గదులుగా కోసి లెక్క కడితే పై పొర, కింది పొర వేరువేరుగా నిలుస్తాయని, పంపు గొట్టం ఎక్కడ ఉంటే ద్రవం బాగా కలుస్తుందో, ఎక్కడ ఉంటే కలవదో చెప్పగల పరిజ్ఞానం 2020 నాటికి కొత్తది కాదు. లీకైన ఆవిరి ఏ గాలికి ఎంత దూరం పోతుందో, ఏ ఊరిని ముందు ఖాళీ చేయించాలో చెప్పే లెక్కలు కూడా ఉన్నాయి. కాని నా అభిప్రాయం అడిగితే, ఆ ట్యాంకుకు మొదట కావలసింది కంప్యూటర్ కాదు. పైభాగంలో ఇంకో థర్మామీటరు. కంప్యూటరు లెక్క మనకు చేసే మేలు ఏమిటంటే, ఆ థర్మామీటరు ఎక్కడ పెట్టాలో ముందే చెప్పడం. మన పిల్ల కంప్యూటర్ ముందు కూర్చుని చేసేది పనేనా అని అడిగిన మిత్రునికి నా మొదటి జవాబు ఇదే. ఆ పని ఎవరైనా సరిగా చేస్తే, కొన్ని ఊళ్ళ పేర్లు పేపర్లో ఎక్కకుండా పోతాయి.

ఇంతవరకు చెప్పింది ద్రవాన్ని గదులుగా చూసే పద్ధతి. ఇంకా లోతుకు పోయి, అణువు అణువునూ వేరువేరుగా నడిపించి చూసే పద్ధతి ఒకటి ఉంది. దాని గురించి చెప్పకుండా ఈ ప్రసంగం ముగించడం నాకు ఇష్టం లేదు. ఎందుకంటే ఆ శాస్త్రానికి ఆద్యుడుగా ప్రపంచమంతా గౌరవించే మనిషి మన హైదరాబాదు బిడ్డ. ఆయన పేరు అనీసుర్ రహమాన్. 1927 ఆగస్టు 24న హైదరాబాదులో పుట్టారు. అప్పటికి మన ఆసిఫాబాదు, హైదరాబాదు రెండూ ఒకే నిజాం రాజ్యంలోనివి. కేంబ్రిడ్జిలో చదివి, బెల్జియంలోని లూవెన్‌లో డాక్టరేటు చేసి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పి, 1960లో అమెరికాలోని ఆర్గాన్ జాతీయ ప్రయోగశాలకు వెళ్ళారు.

1964లో ఆయన ఒక్కరే రాసిన పరిశోధన పత్రం వచ్చింది. ఆయన తీసుకున్నది ద్రవరూపంలోని ఆర్గాన్ వాయువు. ప్రయోగశాల పేరు, వాయువు పేరు చెవికి ఒకటే అయినా రెండింటికీ సంబంధం లేదు. సున్నాకు దిగువన 179 డిగ్రీల చలిలో ఉండే ఆ ద్రవంలోని 864 పరమాణువులను కంప్యూటరులో ఒక పెట్టెలో పెట్టారు. పెట్టె ఒక్కొక్క వైపు పొడవు మిల్లీమీటరులో సుమారు మూడు లక్షల వంతు. రెండేసి పరమాణువులు దూరంగా ఉంటే కొంచెం ఆకర్షించుకుంటాయి, మరీ దగ్గరకు వస్తే గట్టిగా తోసుకుంటాయి. 864 పరమాణువుల్లో జతలు ఎన్నో లెక్క వేస్తే 3,72,816. ఒక్కొక్క పరమాణువు మీద మిగతావాటి బలమెంతో కట్టి, న్యూటన్ సూత్రం ప్రకారం దాన్ని రవ్వంత జరిపి, మళ్ళీ బలాలు కట్టి, మళ్ళీ జరపాలి. ఒక్కొక్క అడుగు కాలం సెకనులో లక్ష కోట్ల వంతులో నూరో వంతు. గది నిండా ఉండే సి.డి.సి. 3600 అనే ఆనాటి పెద్ద కంప్యూటరు ఈ పని చేసింది.

పెట్టె ఇంత చిన్నదైతే చాలా పరమాణువులు గోడకే ఆనుకుని ఉంటాయి గదా, అది ద్రవం లోపలి సంగతి ఎలా అవుతుందని సందేహం రావాలి. అందుకు వాడిన ఉపాయం ఇప్పటికీ నాకు ముచ్చటే. గోడలే లేవు. తూర్పు వైపు నుండి బయటికి పోయిన పరమాణువు అదే క్షణంలో పడమటి వైపు నుండి లోపలికి వస్తుంది. చుట్టూ అట్లాంటి పెట్టెలే అంతులేకుండా ఉన్నట్లు లెక్క.

అలా నడిపించి రహమాన్ గారు ఏమి చూశారు? ఒక పరమాణువు ద్రవంలో ఎంత వేగంగా చెదిరిపోతుందో లెక్క తీశారు. అది ప్రయోగశాలలో కొలిచిన విలువకు దగ్గరగా వచ్చింది. 864 పరమాణువులు, ఒక సూత్రం, ఓపిక ఉంటే ద్రవం ఎలా నడుచుకుంటుందో తెలుస్తుందని రుజువైంది. అంతకు ముందు ఇతరులు గట్టి గోళీల వంటి ఊహాకణాలతో చేశారు. నిజమైన ద్రవంతో, నిజానికి దగ్గరైన బలాలతో చేసినవారు ఆయనే. 1971లో స్టిల్లింజర్ అనే శాస్త్రవేత్తతో కలిసి 216 అణువులతో మంచినీటినే కంప్యూటరులో నిలబెట్టారు. నీరు మనకు రోజూ కనిపించేదే గాని, లెక్కకు ఆర్గాన్ కంటె ఎంతో మొండిది. 1980 ప్రాంతంలో ఇటలీ శాస్త్రవేత్త పారినెల్లోతో కలిసి, పెట్టె ఆకారమే మారేటట్లు పద్ధతి కనిపెట్టారు. లోహాలు, స్ఫటికాలు ఒత్తిడిలో ఎలా రూపం మార్చుకుంటాయో చూడడానికి ఈనాటికీ అదే వాడతారు. రహమాన్ గారు 1987 జూన్ 6న కన్నుమూశారు. కంప్యూటరు భౌతికశాస్త్రంలో కృషికి అమెరికన్ ఫిజికల్ సొసైటీ ఇచ్చే బహుమతి ఆయన పేరు మీదనే ఉన్నది. మన రాష్ట్రంలో ఆయన పేరు తెలిసిన ఇంటర్ విద్యార్థి నాకు ఇంతవరకు తగలలేదు. పాఠ్యపుస్తకాలు రాసేవారు ఒక పేరా ఇస్తే బాగుండేది.

ఆ విత్తనం వృథా పోలేదు. 2011లో రసాయన శాస్త్రంలో భట్నాగర్ పురస్కారం పొందిన ఇద్దరూ కంప్యూటరుతో అణువులను శోధించేవారే. వారిలో ఒకరు హైదరాబాదు ఐ.ఐ.సి.టి.లో పనిచేసిన గరికపాటి నరహరి శాస్త్రి గారు. 2013లో రసాయన శాస్త్రపు నోబెల్ బహుమతి కూడా ఇట్లాంటి నమూనాలు కట్టిన ముగ్గురికి వచ్చింది.

మళ్ళీ మన ప్రాంతానికి వస్తాను. రామగుండంలో బొగ్గుతో ఎరువు చేసే పాత ఫ్యాక్టరీ 1980లో ఉత్పత్తి ప్రారంభించి 1999లో మూతపడింది. అదే చోట సహజవాయువుతో నడిచే కొత్త ప్లాంటు 2021లో ఉత్పత్తికి వచ్చింది. రోజుకు 2,200 టన్నుల అమోనియా, 3,850 టన్నుల యూరియా చేయగలది. ఈ కాలపు పెద్ద ప్లాంట్లను కట్టకముందే ప్రతి గొట్టం, ప్రతి కొలిమి కంప్యూటరులో నడిపించి చూస్తారు. విమానం నడిపేవారికి ఉన్నట్లే ప్లాంటు నడిపేవారికి కూడా శిక్షణ సిమ్యులేటర్లు ఉన్నాయి. కరెంటు పోతే ఏమి చేయాలో అక్కడ పదిసార్లు తప్పు చేసి నేర్చుకోవచ్చు. ఎవరికీ దెబ్బ తగలదు.

కాగితం మిల్లుల్లో రికవరీ బాయిలరు కూడా ఇట్లాంటిదే. కర్ర ఉడికించగా మిగిలిన నల్లని ద్రవాన్ని చిక్కబరచి కొలిమిలోకి చిమ్మి కాలుస్తారు. చుక్క మరీ చిన్నదైతే పొగతో ఎగిరిపోయి గొట్టాలకు అంటుకుంటుంది, మరీ పెద్దదైతే ఆరకుండానే అడుగున పడుతుంది. లోపల కరిగిన సోడా మీద నీళ్ళ గొట్టం కారితే పేలుడే. అందులోకి తల పెట్టి చూసేవాడెవడు? అందుకే లెక్కతో చూస్తారు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. కంప్యూటరు ఫలితాలు రంగురంగుల బొమ్మలుగా వస్తాయి. ఎరుపు వేడి, నీలం చల్లన. బొమ్మ ఎంత అందంగా ఉంటే అంత నిజమనుకునే జబ్బు కొందరు మేనేజర్లకు ఉంది. లోపలికి ఇచ్చిన అంకె తప్పయితే బొమ్మ రంగు మారదు, అందంగానే తప్పు చెబుతుంది. అందుకే ప్రతి నమూనానూ ప్లాంటులో కొలిచిన అంకెలతో పోల్చి చూడాలి. ఆ అంకెలు ఎక్కడివి? మనలాంటివాళ్ళు రాత్రి షిఫ్టుల్లో గంట గంటకు లాగ్‌బుక్కులో రాసినవి. సిర్పూర్ మిల్లు 2014లో ఆగిపోయి, 2018లో జె.కె. పేపర్ చేతికి వచ్చాక మళ్ళీ నడిచింది. ఏ మిల్లయినా నాలుగేండ్లు ఆగితే యంత్రాలకు తుప్పు పడుతుంది. దాన్ని గీకవచ్చు. ఏ పంపు ఏ కాలంలో మొరాయిస్తుందో తెలిసిన మనుషులు చెల్లాచెదరైపోతే వారిని తిరిగి కూర్చడం కష్టం. మీలో ఎవరి దగ్గరైనా సొంతంగా రాసుకున్న షిఫ్టు డైరీలు ఉంటే, పాత పేపర్లతో కలిపి తూకానికి వేయకండి. ఈ చదువు చదివే పిల్లలకు చూపించండి. వాళ్ళ లెక్క సరిగా ఉన్నదీ లేనిదీ చెప్పగల సాక్ష్యం అదే.

ఖర్చు సంగతి అడుగుతారు. ద్రవాలను గదులుగా కోసి లెక్కకట్టే ఓపెన్‌ఫోమ్, అణువులను నడిపించే లామ్స్, గ్రోమాక్స్ అనే ప్రోగ్రాములు ఉచితంగా దొరుకుతాయి. రహమాన్ గారి 864 పరమాణువుల లెక్క ఇప్పుడు మామూలు లాప్‌టాప్ మీద టీ తాగి వచ్చేలోపు అయిపోతుంది. ఆసక్తి ఉన్న పిల్లలుంటే వచ్చే ఆదివారాల్లో ఉదయం పది గంటలకు మన సంఘం కార్యాలయానికి పంపండి, నేనక్కడే ఉంటాను. లెక్కలంటే భయం లేకపోతే చాలు. లాప్‌టాప్ ఒకటి తెచ్చుకోమనండి, చార్జరు మరిచిపోవద్దనండి. కార్యాలయంలో ప్లగ్గు ఒకటే ఉంది, అది కార్యదర్శి గారి ఫ్యానుది. ఆ సంగతి ఆయనతో నేను మాట్లాడతాను.